దోమకొండ గడీ: టౌన్‌హాలు లేని సీమలో ఒక పాలనాభవనం

పట్టణ చరిత్ర చదివే విద్యార్థి ముందుగా వెతికే కట్టడం టౌన్‌హాలు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పూనికతో 1890లో వెలసిన పురమందిరం మీకు తెలిసే ఉంటుంది. మద్రాసు రాజధానిలో 1884 నాటి చట్టాలతో పురపాలక సంఘాలకు, స్థానిక బోర్డులకు ఒక రూపం ఏర్పడింది. దాంతో కోస్తా పట్టణాల్లో ప్లీడర్లు, ఉపాధ్యాయులు, వర్తకులు చందాలు పోగుచేసి సభలకు, ఉపన్యాసాలకు భవనాలు కట్టుకున్నారు. అటువంటి భవనం కోసం మీరు కామారెడ్డి, ఎల్లారెడ్డి, భిక్కనూరు, రాజంపేట ప్రాంతాల్లో తిరిగితే ఆ కాలానిది ఒక్కటీ కనిపించదు. ఇక్కడి ప్రజలకు సభ పెట్టుకోవాలన్న కోరిక లేకపోవడం దీనికి కారణం కాదు. నిజాం రాజ్యంలో బహిరంగ సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. ఈ నిబంధన పెట్టిన 'గస్తీ నిషాన్ 53' పేరు తెలంగాణ చరిత్రలో మీకు తరచుగా ఎదురవుతుంది. సభ జరపడమే కష్టమైన చోట సభాభవనం ఎలా వెలుస్తుంది?

అందువల్ల ఇక్కడ ప్రశ్నను మార్చి అడగాలి. శిస్తు లెక్క ఎక్కడ తేలేది? తగాదా ఎవరి ముందు నిలిచేది? కరువు వచ్చినా, చెరువు తెగినా జనం ఎవరి వాకిట చేరేవారు? ఈ ప్రశ్నలకు ఊళ్లో చావడి, దాని పైన గడీ జవాబులు. రాజంపేటకు ఇరుగుపొరుగున ఉన్న దోమకొండలో అలాంటి గడీ ఒకటి నేటికీ నిలిచి ఉంది. ఈ పాఠంలో దానిని రాజుగారి నివాసంగానే కాక, ఒక సీమను నడిపిన పాలనాభవనంగా కూడా పరిశీలిద్దాం.

సంస్థానం, దాని స్థానం

'గడీ' అంటే చిన్న కోట. ఉత్తరాది భాషల్లోని 'గఢ్', మరాఠీలోని 'గఢీ' దీనికి దగ్గరి బంధువులు. తెలంగాణలో ఈ మాట అర్థం క్రమంగా విస్తరించింది. బురుజులు, కందకం ఉన్న దుర్గాన్నీ, ఎత్తయిన గోడల మధ్య దేశ్‌ముఖ్ కట్టుకున్న రెండంతస్తుల ఇంటినీ జనం గడీ అనే పిలిచారు. ఈ తేడా మరచిపోకండి. దోమకొండ మొదటి తరగతికి చెందినది.

దోమకొండను ఏలినవారు పాకనాటి రెడ్లలోని కామినేని వంశీయులు. వీరి పూర్వకేంద్రం భిక్కనూరు. పాత కావ్యాల్లో దాని పేరు బిక్కనవోలు. అక్కడి సిద్ధరామేశ్వరాలయం ఇప్పటికీ ఈ ప్రాంతానికి ప్రధాన శైవక్షేత్రం. షట్చక్రవర్తి చరిత్రము రచించిన కామినేని మల్లారెడ్డి ఈ వంశంవాడే. సాహిత్య విద్యార్థులు ఆయనను కవిగానే చదువుతారు. మన దృష్టిలో ఆయన కావ్యం, గోలకొండ సుల్తానుల కాలంలో ఒక స్థానిక పాలకకుటుంబం తెలుగు విద్యను పోషించిందనడానికి సాక్ష్యం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల పేర్లు కూడా ఈ వంశంలోని అన్నదమ్ముల మీదుగా వచ్చాయని ఇక్కడి వారు చెప్పుకుంటారు. ఊరి పేర్ల కథలను శాసనంతో సమానంగా తీసుకోకూడదు. అయితే జనం తమ ఊళ్లను ఎవరితో ముడిపెట్టుకున్నారో అవి చెబుతాయి, ఆ మేరకు విలువైనవే.

ఆసఫ్ జాహీల కాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట, పాల్వంచ వంటి సంస్థానాల సరసన దోమకొండ నిలిచింది. సంస్థానాధీశుడు నిజాముకు 'పేష్కష్' అనే కప్పం కట్టి తన పరగణాలో శిస్తు వసూలు చేసుకునేవాడు. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ ప్రవేశపెట్టి దివానీ ప్రాంతాల్లో తాలూక్‌దార్లను నియమించిన తర్వాత కూడా సంస్థానాలు, జాగీర్లు, సర్ఫెఖాస్ భూములు ఆ చట్రానికి వెలుపల ద్వీపాల్లా మిగిలాయి. ఒక ఊరు సర్కారీ తహసీల్దారుకు, దాని పక్క ఊరు గడీకి జవాబుదారీ. రైతుకు ఇది పుస్తకాల్లోని విభజన కాదు. ఏ దారిన నడిచి ఎవరికి దండం పెట్టాలన్న రోజువారీ సమస్య.

కట్టడాన్ని చదవడం

ఇప్పుడు మనం చూస్తున్న కోట ప్రధానంగా 18వ శతాబ్దపు నిర్మాణం. కౌలాసు కోటను చూసినవారికి దోమకొండ మొదట కొంత నిరుత్సాహం కలిగించవచ్చు. కౌలాసుకు కొండ రక్షణ. దోమకొండ గడీ మైదానంలో ఉంది, ప్రకృతి చేసిపెట్టిన రక్షణ ఏదీ లేదు. కాబట్టి కొండ చేయాల్సిన పనిని ఇక్కడ తవ్వకం చేసింది. కోట చుట్టూ లోతైన, వెడల్పయిన కందకం. దాని వెనుక దాదాపు గుండ్రంగా తిరిగే రాతి గోడ, గుండ్రటి బురుజులు. తూర్పున ఒకటి, పడమట ఒకటి మొత్తం రెండు ద్వారాలు.

వృత్తాకారాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. చుట్టుకొలత సమానమైనప్పుడు చతురస్రం కంటే వృత్తం ఎక్కువ స్థలాన్ని చుట్టగలదు. కాపలాకు చూపు అందని మూలలు తక్కువ. ఫిరంగి గుండుకు చదరపు బురుజు మూల తేలిగ్గా విరుగుతుంది, గుండ్రటి బురుజు కొంత తట్టుకుంటుంది. కందకం తవ్విన మట్టి ఎలాగూ గోడల వెనుక నింపడానికి పనికివస్తుంది. డబ్బు, మనుషులు పరిమితంగా ఉన్న చిన్న పాలకుడికి ఇవన్నీ లెక్కలే.

ద్వారం దగ్గర కాసేపు ఆగాలి. గడీ నిర్మాణంలో అసలు రాజకీయమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. టౌన్‌హాలును వీధివైపు మెట్లతో, వరుస తలుపులతో కడతారు. ఎవరైనా లోపలికి రావచ్చన్నది దాని ముఖంలోనే కనిపిస్తుంది. గడీ ఎవరు ఎంతవరకు రావచ్చో కొలిచి చెబుతుంది. కందకం ఒక హద్దు. దర్వాజ మరొకటి. దర్వాజ లోపల కావలివారు కూర్చునే అరుగులు, ఆపైన కచేరి, దాని వెనుక నివాసం, చివరన అంతఃపురం. తెలంగాణ గడీల్లో సాధారణంగా కనిపించే ఈ వరుసను ఆనాటి సామాజిక నిచ్చెనగా చదవవచ్చు. శిస్తు చెల్లించవచ్చిన రైతుకు, లెక్క అప్పజెప్పే పట్వారీకి, దౌరా మీద వచ్చిన సర్కారీ అధికారికి, బంధువుకు, ఊడ్చడానికి వచ్చిన మనిషికి ఒకే భవనంలో వేర్వేరు దూరాలు ఉండేవి. చివరి మనిషి అందరికంటే లోపలికి వెళ్లేది, కాని అక్కడ కూర్చునే హక్కు ఆమెకు లేదు.

లోపలి కట్టడాల్లో చెప్పుకోదగినవి రెండు. మొదటిది మహాదేవ ఆలయం. కాకతీయుల పద్ధతిలో చెక్కిన రాతి స్తంభాలు, తలుపుబందాల పని దీని ప్రత్యేకత. కాకతీయ రాజ్యం 1323లో ముగిసింది. ఆ శైలి మాత్రం తెలంగాణ శిల్పుల చేతుల్లో, పోషకుల ఊహలో శతాబ్దాల పాటు కొనసాగింది. 'కాకతీయ శైలి' అన్న మాట వినగానే 'కాకతీయుల కాలం' అని పరీక్షలో రాసేయకండి. శైలి వేరు, కాలం వేరు.

రెండవది అద్దాల మేడ. రెండంతస్తులు, నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ గదులు. ఈ అమరిక మన భవంతి ఇళ్లదే. వాన, వెలుతురు నట్టింట్లోకి రావాలన్నది పాత తెలుగు ఇంటి లక్షణం. కాని గుండ్రటి స్తంభాలు, కమానులు, గోడల మీది గచ్చు అలంకారం చూడగానే ఐరోపా ప్రభావం కనిపిస్తుంది. హైదరాబాదులో పైగా, సాలార్‌జంగ్ వంటి ప్రభువుల దేవిడీల్లో ఈ కలగలుపు వాడుకలోకి వచ్చింది. అక్కడి దర్బారుకు వెళ్లివచ్చే సంస్థానాధీశులు దానిని తమ ఊళ్లకు తెచ్చారు. ఇక అద్దం విషయం. పలక అద్దం ఈ దేశంలో విరివిగా తయారుకాని రోజుల్లో దాన్ని ఓడలో, బండిలో పగలకుండా తెప్పించుకోగలగడమే హోదా. మట్టి గోడలు, తాటాకు కప్పులు నిండిన ఊరి నడుమ సాయంత్రపు వెలుగు అద్దం మీద పడితే దూరంనుంచి వచ్చే మనిషికి ముందు కనిపించేది ఆ మెరుపే. కట్టినవారికి ఆ సంగతి తెలియకుండా ఉండదు.

సున్నం, రాయి, చేతులు

ఈ గోడలను నిలబెట్టినది సిమెంటు కాదు, డంగుసున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, ఇసుకతోనూ, ఒక్కోసారి ఇటుక పొడితోనూ కలిపి గానుగలో వేస్తారు. గుండ్రటి రాతి కాలువలో రాతి చక్రం, దాన్ని లాగుతూ ఎడ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చడం ఉంది. పైపూతకు ఇంకా మెత్తగా నూరి, తాపీతో రుద్ది రుద్ది పాలరాయిలా మెరిసే నునుపు తెప్పిస్తారు. పాత ఊళ్లలో గానుగ రాళ్లు నేటికీ ఎక్కడో ఒకచోట, చెట్టు కింద కూర్చునే బండలుగా మిగిలి కనిపిస్తాయి. మీ ఊళ్లో అలాంటిది ఉంటే దానిని తొలగించక ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

ఈ సాంకేతిక విషయం ఎందుకంటే, పాత కట్టడాల ప్రాణం దీనిమీదే ఆధారపడి ఉంది. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. వానకు పీల్చిన తడిని ఎండకు వదిలేస్తుంది. దానిపైన సిమెంటు పూత వేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పేరుకుని, పూతను పొరలు పొరలుగా ఊడగొడుతుంది. మరమ్మతు చేశామన్న తృప్తితో కట్టడాన్ని చంపిన ఉదాహరణలు గుళ్ల విషయంలో మనకు కొల్లలు. దోమకొండలో ఆ పొరపాటు జరగలేదు. సంస్థాన వారసుల ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో సంప్రదాయ పద్ధతులనే అనుసరించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండ కోటకు 'అవార్డ్ ఆఫ్ మెరిట్' లభించింది. అదే ఏడాది గోలకొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని మెట్లబావులు కూడా ఈ పురస్కారాల్లో చోటు పొందాయి. ప్రభుత్వ పురావస్తు శాఖ కాక, ఒక కుటుంబం ముందుకు వచ్చి ఇంతటి పని చేయించడం తెలంగాణలో అరుదు. దీన్ని మెచ్చుకోవడానికి సందేహించనవసరం లేదు.

కేంద్రం కదిలిపోవడం

గడీ ప్రాభవాన్ని మొదట తగ్గించినది యుద్ధం కాదు, రైలు. సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాకా హైదరాబాద్-గోదావరి లోయ రైలుమార్గం 1900 ప్రాంతంలో వచ్చింది. పట్టాలు కామారెడ్డి మీదుగా పోయాయి. ధాన్యం, బెల్లం, పత్తి స్టేషను వైపు నడిచాయి. వాటి వెంట వర్తకులు, వారి వెంట తహసీలు, పోలీసు ఠాణా, బడి. 1905లో ఇందూరు జిల్లా నిజామాబాదుగా పునర్వ్యవస్థీకరణ పొందాక కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలుగా నిలిచాయి. పాలనాభవనం ఇక స్టేషనుకు దగ్గరగా ఉండాలి, గుడికి దగ్గరగా కాదు. ఈ మార్పును మీరు ఏ పట్టణపు పటం మీదైనా వేలితో గుర్తించగలరు.

రెండవ మార్పు పుస్తకంతో వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం మొదలయ్యాయి. గ్రంథాలయం అన్న పేరున జనం ఒకచోట కూర్చోవచ్చు, పత్రిక చదువుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. కోస్తాలో టౌన్‌హాలు చేసిన పనిని తెలంగాణలో చాలామటుకు గ్రంథాలయం చేసింది. అద్దె గదిలో నాలుగు బీరువాలే అయినా, చందా కట్టిన ప్రతివాడూ దానికి యజమాని. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1937లో నిజామాబాదుకు వచ్చింది. మందుముల నర్సింగరావు అధ్యక్షులు. వెట్టి, అక్రమ వసూళ్ల ప్రశ్నలు ఈ మహాసభ వేదికల మీద పదేపదే వినిపించాయి. గడీ కచేరిలో తలవంచుకుని చెప్పుకున్న మాటను ఇక్కడ నిలబడి తీర్మానంగా చదివారు.

నల్లగొండ, వరంగల్ వైపు సంగతి మరింత తీవ్రం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత గడీ అన్న మాటే పోరాటానికి గురి అయింది. అక్కడి దేశ్‌ముఖ్ గడీల కథను దోమకొండకు యథాతథంగా అంటించడం సరికాదు. సంస్థానాధీశుడి వ్యవస్థ, వతన్‌దారు దేశ్‌ముఖ్ వ్యవస్థ ఒకటి కావు. నిజామాబాదు ప్రాంతంలోనే సిర్నాపల్లి సంస్థానాన్ని పాలించిన చీలం జానకీబాయిని జనం ఇప్పటికీ ఆదరంగా తలచుకుంటారు. కాని వెట్టిచాకిరి నిజాం రాజ్యమంతటా వేళ్లూనుకున్న వ్యవస్థ. ఏ గడీని చదివేటప్పుడైనా ఆ ప్రశ్నను పక్కన పెట్టలేం. కందకం ఎవరు తవ్వారు? సున్నం ఎవరు నూరారు? వారికి కూలి ముట్టిందా, ధాన్యం ముట్టిందా, ఏమీ ముట్టలేదా? పురస్కార ఫలకం మీద ఈ ప్రశ్నలకు చోటు ఉండదు. చరిత్ర విద్యార్థి నోటుపుస్తకంలో ఉండాలి.

ఇంకొక కట్టడంతో పోల్చి చూడండి. నిజామాబాదు ఖిల్లా కూడా కోటే. పైన రఘునాథాలయం ఉంది. నిజాం పాలన చివరి రోజుల్లో ఆ ఖిల్లాయే జైలు. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ బందీలుగా గడిపారు. ఒకే గోడలు గుడికి ప్రాకారం, సైన్యానికి రక్షణ, ఖైదీకి నిర్బంధం అయ్యాయి. కాబట్టి కట్టడాన్ని అది కట్టిననాటి ఉద్దేశంతో మాత్రమే అర్థం చేసుకోవడం చాలదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది. సంస్థానాలూ దాని పరిధిలోకే వచ్చాయి. గడీ ఒక్కరోజులో పాలనాభవనం కాకుండా పోయి ప్రైవేటు ఆస్తిగా మిగిలింది. తెలంగాణలో అనేక గడీలు ఆ తర్వాత బడులుగా, పోలీసు స్టేషన్లుగా, పంచాయతీ కార్యాలయాలుగా మారాయి. ఎన్నో కూలిపోయాయి. దాచిన సొమ్ము ఉందన్న ఆశతో తవ్వి పాడుచేసినవీ ఉన్నాయి. దూలాలు, తలుపులు పాత సామాను దుకాణాలకు చేరాయి.

మీ ఊళ్లో చేయవలసిన పని

పాలనాభవనాల పరంపర ఇక్కడితో ఆగలేదు. 1984లో పటేల్-పట్వారీ వ్యవస్థ రద్దయి చావడి మూగబోయింది. 1985లో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు రాజంపేట కొత్త మండల కేంద్రమైంది. 2021 జూన్‌లో కామారెడ్డిలో సమీకృత కలెక్టరేటు ప్రారంభమైంది. అన్ని శాఖలూ ఒకే కప్పు కింద ఉండాలన్న ఆలోచన మనకు కొత్తగా అనిపిస్తుంది కాని, శిస్తు, కొలువు, కొట్టు, కావలి ఒకే ప్రాకారంలో పెట్టుకున్న గడీకి అది కొత్త కాదు. తేడా అంతా ద్వారం దగ్గరే. ఇప్పుడు అర్జీ పట్టుకుని లోపలికి నడవడం పౌరుడి హక్కు. ఆ హక్కుకు భవనం ఎంత సాయపడుతోందో, కుర్చీలు ఎవరికి ఉన్నాయో, ముసలివారు ఎన్ని మెట్లు ఎక్కాలో మీరే వెళ్లి చూసి రాయండి. మంచి అభ్యాసం అవుతుంది.

మీ ఊరి చావడి విషయమైతే పని మరింత తొందరది. అది ఎక్కడ ఉండేదో చెప్పగలిగే వృద్ధులు తగ్గిపోతున్నారు. భూమి రికార్డులు సాయపడతాయనుకుని నేరుగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెరిస్తే మీకు చావడి కనిపించకపోవచ్చు. పహాణీ సాగుభూముల లెక్క. చావడి, గుడి, ఇళ్లు ఉన్న స్థలమంతా ఆబాదీ, అంటే గ్రామకంఠం. దానిలో ఒక్కొక్క కట్టడానికి సర్వే నంబరు ఉండదు. కాబట్టి పంచాయతీలో పాత ఇంటిపన్ను రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకాలు ఉన్నాయేమో అడగండి. 1950లకు ముందరి కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. వాటిని చదవగలిగిన పెద్దలు మసీదు దగ్గరో, పాత పట్వారీల ఇళ్లలోనో దొరుకుతారు. కాగితంతో పాటు చదివేవారి మాటను కూడా అదే రోజు రాసుకోండి.